సోఫాకు జత కుర్చీ

కోరుట్ల

బిడ్డ మనస్వినికి అమ్మ దీవెనలు.

ఇక్కడ మేమంతా క్షేమం. నా తుంటి ఎముక తప్ప అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. అక్కడ మీరు కూడా బాగున్నారని తలుస్తాను. ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్ చేస్తే మీ అన్న స్పీకర్ పెట్టి పక్కనే నిలబడతాడు.

నీళ్లు బాగా తాగుతున్నావా అని అడిగావు. తాగడం లేదు. ఎందుకో చెప్తాను, వింటే నీకూ రోత పుడుతుంది.

తుంటి విరిగాక మంచం పక్కన నాకొక బాత్రూం కుర్చీ వేశారు కదా, కూర్చునేచోట మూత, మూత కింద బేసిన్. ప్లైవుడ్ మీద పల్చటి చెక్క పొర అంటించిన రకం, పాలిపోయిన రంగు. నా మనవడు రోహిత్ సంబంధానికి మేడిపల్లి నుంచి పిల్ల తరఫువాళ్లు ఇల్లు చూసుకోవడానికి వస్తారనగానే మీ అన్నకు అది కంట్లో నలుసైంది.

"చుట్టాలు చూస్తే ఏమనుకుంటరమ్మా? హాల్ల టేకు సోఫాకు మ్యాచ్ చేపిస్త," అన్నాడు.

పాలిష్ చేసే సారయ్యను పిలిచి తొందరపెట్టాడు. గీకిన గీకుడుకు కుర్చీ చేతుల్లో ఒకదాని మీద పొర లేచిపోయి ప్లైవుడ్ బయటపడింది. దాన్ని పూడ్చడానికి లప్పం పూసి, సోఫా రంగు కలిపి, టేకు గీతలు కుంచెతో గీశారు. ఇల్లంతా థిన్నర్ కంపు. అన్నం ముద్దలో కూడా అదే వాసన.

"ఆరేదాక జర నీళ్లు తక్కువ తాగు," అన్నాడు నా కన్నకొడుకు.

చివరికి ఎంత బాగా కలిసిందంటే, జత విరిగిపోయి ఒంటరిగా ఉన్న సోఫా కుర్చీ పక్కన దాన్నే వేసి దిండు పెట్టాడు. నా గదిలో ఉంటే ఆడవాళ్లు గుర్తుపడతారట, హాల్లో అయితే ఎవరికీ తెలియదట.

వాళ్లు రానే వచ్చారు. పెద్దమనిషికి చేతుల కుర్చీ వేయడం మర్యాద కదా, పిల్ల తాత మదన్ మోహన్ రావు గారు నేరుగా వెళ్లి దాని మీదే కూర్చున్నారు. చాయ్ తెచ్చిన మీ వదిన జ్యోత్స్న ముఖం తెల్లబోయిందట.

"పాత టేకు పాతదే. గిప్పుడు గిసొంటి పని ఎవలు చేస్తరు?" అంటున్నారాయన.

"మా తాతలనాటిది," అన్నాడు మీ అన్న. గదిలో పడుకున్న నాకు వినబడింది. ఛీ అనిపించింది.

ఇక అసలు సంగతి. నన్ను కొన్నాళ్లు సిరిసిల్లలో నీ దగ్గర ఉంచుకోమని అన్నయ్య ఎందుకు అడుగుతున్నాడని రాశావు. సిగ్గయినా చెప్తాను. నాకు ఆగలేదు. వాకర్ పట్టుకుని హాల్లోకి నడిచాను.

"అన్నగారూ, జర లేవాలె. అది తాతలనాటిది కాదు, నా లెట్రిన్ కుర్చీ," అన్నాను.

ఆయన లేచి, దిండు తనే తీశారు. "చెప్పద్దా చెల్లె, గింతసేపు ఆపుకున్నవా?" అంటూ కుర్చీని నా గదిలోకి మోయడానికి ఒక పక్క చెయ్యి వేశారు. అప్పటికే నా చీర తడిసింది, అందరి ముందూ. మీ అన్న ఆ తడిని దాటుకుంటూ వెళ్లి, కుర్చీ పాలిష్ చెడిందేమోనని వంగి చూశాడు. తడి చీర కంటే నాకు అదే ఎక్కువ కంపు కొట్టింది.

మేడిపల్లి నుంచి ఇంకా కబురు రాలేదు. కుర్చీ ఇంకా హాల్లోనే ఉంది. వాళ్లు మళ్లీ వస్తే నేను కంటికి కనబడకూడదట. అందుకు సిరిసిల్ల.

నేను రాను బిడ్డా. నిన్ను చూడ్డానికైతే వస్తాను, దాక్కోవడానికి రాను. నువ్వే రా. వచ్చేటప్పుడు మందుల షాపులో దొరికే ప్లాస్టిక్ బాత్రూం కుర్చీ తెచ్చిపెట్టు, తెల్లది. గడప బయట నిలబడి చూసినా అదేమిటో తెలియాలి. అది మంచం పక్కకు వచ్చిన రోజు కడుపునిండా నీళ్లు తాగుతాను.

ఇట్లు,
దాహంతో ఉన్న మీ అమ్మ,
రంగనాయకమ్మ