గోదాము గోడ మీది నీలం గీత

ఇంటావిడకు,

నేను కులాసా. నీ కుండీల్లో మొక్కలు నాకంటే కులాసా. వాటికి వేళకి నీళ్లందుతున్నాయి, నాకే వేళకి టీ అందడం లేదు. అక్కడ నువ్వూ, అమ్మాయీ, అల్లుడూ, మూడు వారాల కొత్త మనిషీ హాయిగా ఉన్నారని నీ ఉత్తరం చూసి స్థిమితపడ్డాను. మనవరాలికి అచ్చం నా ముక్కే వచ్చిందని రాశావు. అంత పసిపిల్ల ఎవరికేం అపకారం చేసిందని? పెరిగేకొద్దీ సర్దుకుంటుందిలే, దిగులు పడొద్దని అమ్మాయితో చెప్పు.

నువ్వడిగినవాటికి జవాబులు రాస్తున్నాను. వంట చేసుకుంటున్నాను, ఇప్పటికి రెండుసార్లే మాడింది. మేడ మీదావిడ తడిబట్టలు ఇంకా మన కిటికీ మీదే కారుతున్నాయి. "కాస్త పిండి ఆరెయ్యండమ్మా" అంటే, "మీ ఆవిడ ఉన్నన్నాళ్లూ ఒక్క మాట అనలేదు" అంది. నువ్వు అనకుండా ఊరుకున్నావంటే నేను నమ్మను గానీ, ఎందుకొచ్చిన గొడవని వచ్చేశాను. కళ్లద్దాలు మార్పించుకున్నాను, ఒట్టు. ఇన్నేళ్లుగా నేను రాసిన బోర్డులన్నీ ఇప్పుడు స్పష్టంగా కనబడుతున్నాయి. కొన్ని కనబడకపోయినా బాగుండేది.

అటక మీది ఊయల పంపమన్నావు. దించాను. దాని గురించి నీతో చెప్పాల్సింది ఉంది. కంగారు పడకు, విరగలేదు. ముందు ఊరి సంగతులు రాయనీ, ఈలోగా నాకూ కాస్త ధైర్యం చిక్కుతుంది.

వేసవి వారోత్సవాలు మొన్న ఆదివారంతో అయిపోయాయి. బ్యానర్లన్నీ నేనే రాశాను. రేవు చుట్టూ ఈత పందెంలో ఈసారీ తపాలా ఆవిడే గెలిచింది. ఉత్తరాలు ఆలస్యంగా ఇచ్చే మనిషికి నీళ్లలో అంత తొందర ఎక్కణ్ణించి వస్తుందో! ఇసుక బొమ్మల పోటీలో క్షవరం కొట్టు కత్తెరాయన తిమింగలం చేశాడు. చూసేవాళ్లు వచ్చేలోగా అల వచ్చి తోక పట్టుకుపోయింది. "తోక నీళ్ల కింద ఉందనుకోండి" అని వాదించి మూడో బహుమతి కొట్టేశాడు. సాయంత్రాలు రేవు మెట్ల మీద బ్యాండ్ వాయించారు. నువ్వు కూర్చునే మెట్టు మీద నా సంచి పెట్టి, అడిగినవాళ్లకల్లా "వస్తుంది, వస్తుంది" అని చెప్పాను. అబద్ధమే. అలవాటు చొప్పున అనేశాను.

చివరి రోజు పాత రేవు నడక. ఏటా లాగే చరిత్ర టీచరమ్మ ముందు నడిచింది. పదవీ విరమణ చేసి ఆరేళ్లయినా ఆవిడ చూపు పడితే ఇంకా అందరం వరసలో నిలబడతాం. పాత కొలిమి, తాళ్లు పేనే కొట్టం, చివరికి గోదాము గోడ. మన పెళ్లికి ముందెప్పుడో వచ్చిన ఉప్పెనలో నీళ్లు ఎంత ఎత్తు లేచాయో చెప్పే నీలం గీత దగ్గర ఆవిడ అరచెయ్యి ఆనించి, "ఇదిగో, ఇక్కడి దాకా" అంటుంది. అందరూ "అమ్మో" అంటారు. అప్పుడు నువ్వు వెళ్లి దాని కింద నిలబడి, "చూశారా, ఉప్పెన సరిగ్గా నా ఎత్తే" అంటావు. పడవ టికెట్లిచ్చే గంటాయన ఈసారి కూడా నీకోసం చూశాడు. "ఉప్పెనమ్మగారు ఏరండీ? ఆవిడ లేకపోతే ఈ గోడకి కళ లేదు" అన్నాడు. నేను జేబులో చెయ్యి పెట్టుకున్నాను. ఎందుకో చెబుతాను.

గోదాము పక్కన పసిపిల్లల బడి కడుతున్నారని నీకు తెలుసు. నువ్వెళ్లాక స్తంభాలు లేచాయి. వాటి మీద గది నేలకి కాంక్రీటు పొయ్యడం నడక అయిన మూడో రోజని పెట్టుకున్నారు. ఆ నేల ఎత్తు ఎలా నిర్ణయించారనుకున్నావు? నీలం గీతకి నాలుగు వేళ్లు పైన. "అంత ఉప్పెన మళ్లీ వచ్చినా పిల్లల చాపలు తడవవు" అని ఇంజనీరమ్మ అందరికీ చెప్పింది. ముప్పై ఏళ్ల కింద ఆ గీతని చెరిగిపోకుండా కాపాడినందుకు నడక చివర్లో నాకు పూలగుత్తి ఇవ్వాలనీ, నేను రెండు మాటలు మాట్లాడాలనీ టీచరమ్మ ముందే హుకుం జారీ చేసింది.

ఇక చెప్పక తప్పదు. ఆ గీత తప్పు.

గోదాము గోడకి పాత గచ్చు కొట్టేసి కొత్తది పూసిన రోజులు నీకు గుర్తున్నాయి కదా. అమ్మాయి నీ కడుపులో ఎనిమిదో నెల. గచ్చు కొట్టకముందే నిచ్చెనెక్కి, నేల నుంచి పాత గీత దాకా నీలం దారంతో కొలిచి, గీత దగ్గర ముడి వేసుకున్నాను. మా పనివాళ్లం కాగితాన్ని నమ్మం, ముడినే నమ్ముతాం. ఆ దారం ఇంటికి తెచ్చి తలుపు వెనక మేకుకి తగిలించాను. తీరా కొత్త గోడ ఆరి, గీత గియ్యాల్సిన రోజు చూస్తే మేకుకి దారం లేదు. "దారం ఏమైనా చూశావా?" అని నిన్నడిగాను. "ఏ దారం? ఇంటినిండా మీ దారాలేగా" అన్నావు. ఇల్లంతా తిరగేశాను. మర్నాడు పొద్దున్నే పెద్దలంతా గోడ చూడ్డానికి వస్తున్నారు. పాత గీత నా కళ్ల దగ్గర ఉండేదా, తల దాటి ఉండేదా? నిచ్చెన మీది నుంచి కొలిచానేమో, ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా గుర్తు రాలేదు.

ఆ మధ్యాహ్నం నువ్వు ఆయాసపడుతూ క్యారేజీ పట్టుకొచ్చావు. "కాస్త గోడకి ఆనుకుని నిలబడు" అన్నాను. "ఎందుకండీ?" "ఊరికే, నిలబడవోయ్." నీ పాపిట మీద పెన్సిలు పెట్టి గీటు పెట్టాను. "అన్నం తెస్తే ఆలిని గోడకి కొలిచే మగణ్ణి మిమ్మల్నే చూశాను" అని నవ్వుకుంటూ వెళ్లిపోయావు. నువ్వు మలుపు తిరిగాక ఆ గీటు మీదే నీలం గీత లాగేశాను. మర్నాడు జనంలో నిలబడి, "ఏమండీ! సరిగ్గా నా ఎత్తే! నిన్న అందుకేనా నిలబెట్టి చూశారు?" అన్నావు. అవునన్నాను.

మొదట పని పోతుందని భయపడి దాచాను. తరవాత నీ సంబరం చూసి దాచాను. ఆ తరవాత గీత టీచరమ్మ రాసిన ఊరి చరిత్ర పుస్తకంలో ఎక్కింది, పిల్లల పాఠంలో ఎక్కింది, ఇక నోరు పెగల్లేదు. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడల్లా ఏదో పనున్నట్టు గోదాము దాకా వెళ్లి వచ్చేవాణ్ణి, నీకు గుర్తుందో లేదో. గీత ఎక్కువ ఎత్తున ఉందో తక్కువ ఎత్తున ఉందో కూడా నాకు తెలియదు. ఆ తెలియకపోవడమే నన్ను ముప్పై ఏళ్లు నమిలింది.

నడకకి రెండు రోజుల ముందు ఊయల దించాను. పిడికి నువ్వు చుట్టిన పాత గుడ్డ చివికిపోయి ఉంటే విప్పాను. గుడ్డ కింద దారం. నీలం దారం! పిడి వదులైందని బిగించి చుట్టి, పిల్ల చెయ్యి ఒరుసుకోకుండా పైన గుడ్డ కప్పావు. కత్తిరించలేదు, ముడి విప్పలేదు. ముందు పగలబడి నవ్వాను. తరవాత నిచ్చెన మెట్టు మీదే కూలబడి ఏడ్చాను. నీ దగ్గర దాపరికం ఎందుకు, చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

గోడ దగ్గరికి తీసుకెళ్లి కొలిచాను. ముడి నా గీతకి జానెడు పైన ఆగింది. అంటే అప్పటంత ఉప్పెన మళ్లీ వస్తే, బడి నేల మీద ఎనిమిది వేళ్ల లోతు నీళ్లు. ఏదో సాకు చెప్పి నేల పెంచమంటే సరిపోదా అని ఒక పూటంతా ఆలోచించాను. సాకు వినకపోతే? మన మనవరాలు చాప మీద బోర్లా పడుకుంటే ఎన్ని వేళ్ల ఎత్తు ఉంటుందో చెప్పు. ఆ లెక్క వేసుకున్నాక నాకిక సాకులు తోచలేదు.

నడక చివర్లో పూలగుత్తి చేతికివ్వబోతే తీసుకోలేదు. జేబులోంచి దారం తీసి, నీకు ఇప్పుడు రాసిందంతా అక్కడ చెప్పేశాను. ముందుగా గంటాయనే, "అంటే ఇన్నేళ్లూ మేం ఊరొచ్చినవాళ్లందరికీ చూపించింది మీ ఆవిడ పాపిటనా?" అన్నాడు. జనం గొల్లుమన్నారు. ఇంజనీరమ్మ మాత్రం నవ్వలేదు. దారం లాక్కుని రెండుసార్లు కొలిచింది. "పాత దారం సాగినా ముడుచుకున్నా తేడా వేళ్లలో ఉంటుంది గానీ జానెడు ఉండదు. మూడు రోజులు ఆగి చెప్పి ఉంటే ఏం చేసేవాళ్లమండీ?" అని అందరి ముందూ కడిగేసింది. పడాల్సిందే, పడ్డాను. అక్కణ్ణించే మేస్త్రీకి ఫోను చేసి కాంక్రీటు ఆపించింది. నేల ఇప్పుడు ముడికి జానెడు పైకి పెంచారు.

టీచరమ్మ రెండు రోజులు నా మొహం చూడలేదు. మూడో రోజు నేనే వాళ్లింటికి వెళ్లాను. మిగిలిన పుస్తకాలన్నీ బల్ల మీద పేర్చుకుని, ఒక్కో దాంట్లో ఆ కొలత కొట్టేసి చేత్తో కొత్తది రాస్తోంది. "అక్షరాలు రాయడం వచ్చుగా, కూర్చోండి" అంది. సాయంత్రం దాకా ఇద్దరం దిద్దాం. పోతూ ఉంటే, "మీ ఆవిడకి చెప్పారా?" అని అడిగింది. ఇంకా లేదన్నాను. "అదీ మీ ధైర్యం" అంది.

అందుకే ఈ ఉత్తరం. 'దారం నేనే తీశానే' అని నువ్వు కుమిలిపోవద్దు. నువ్వు తియ్యబట్టే అది మిగిలింది. నా దగ్గరే ఉంటే ఏ రంగు డబ్బాకో కట్టి ఎప్పుడో పారేసేవాణ్ణి. తప్పు నాది. నిన్ను ఊరంతటికీ నవ్వులాట చేశానేమోనన్నదే నా బాధ. కోపం వస్తే తిట్టు, ఉత్తరంలోనే తిట్టు, దాచుకుని మాత్రం రాకు.

నిన్న కొత్త గీత గీశాను. పాతదాన్ని చెరిపెయ్యమని ఇంజనీరమ్మ తెల్లరంగు ఇచ్చింది. కుంచె ముంచాను. చెయ్యి లేవలేదు. ఆ గీత కింద నువ్వు ఎనిమిదో నెలలో ఆయాసపడుతూ, నవ్వుతూ నిలబడి ఉన్నావు. దాని మీద తెల్లరంగు ఎలా వేస్తాను? టీచరమ్మ చూసి, "ఉండనివ్వండి. కానీ అదేంటో పక్కన రాయాలి" అంది. ఏం రాయాలో నాకు తోచలేదు. జీవితమంతా ఊరివాళ్ల పేర్లు రాసినవాణ్ణి, అక్కడ ఖాళీ వదిలి వచ్చాను. నువ్వొచ్చి చెబితే రాస్తాను. మోకాళ్ల నొప్పులతో వేలెడు తగ్గిపోయానంటున్నావుగా, అదీ చూద్దాం.

ఊయల రేపు బండికి వేస్తున్నాను. దారాన్ని అద్దాల పెట్టెలో పెట్టి అందరికీ చూపిస్తానని టీచరమ్మ అడిగింది. కొలత తీసుకోమన్నాను, దారం మాత్రం ఇవ్వలేదు. అది మా మనవరాలి ఊయలదని చెప్పాను. పిడి మళ్లీ వదులైంది, అందులో పెట్టిన ఆ దారంతోనే గట్టిగా బిగించి చుట్టు. మునుపటిలాగే, ముడి విప్పకుండా.

ఇట్లు,
ఆలిని గోడకి కొలిచిన
మీ ఆయన