లచ్చవ్వ బొగ్గుపొడి

మంగళవారం, కరీంనగర్

లచ్చవ్వ ఇవాళ పెద్దపల్లి అవతలి ఊరి నుంచి బస్సులో నా పళ్ల ఆస్పత్రికి వచ్చి, తన కట్టుడు పళ్ల సెట్టు నా చేతిలో పెట్టింది. కొత్త రకం సెట్టు అది. పైనున్న పూత పాచిని అంటనివ్వదు. తీసి నీళ్లతో కడిగితే చాలని చెప్పి నేనే పెట్టాను. ఇప్పుడు దాని నిండా గీతలు, గీతల నిండా పాచి.

"దేంతోని తోమినవ్ అవ్వా?"

"బొగ్గుపొడితోని. ఎప్పటి తీర్గనే."

"తోముడు వద్దని చెప్పిన గదా."

"చెప్పినవు బిడ్డా."

విసుగొచ్చినా, పూత సంగతి మళ్లీ మొదటినుంచీ చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, నర్సు బయటికి వెళ్లాక మెల్లగా అంది.

"పొద్దుగాల వాడల ఆడోళ్లమంత బోరింగు కాడ కూసుండి పండ్లు తోముకుంటం. అందరి ముంగట ఎట్ల తియ్యాలె? ఇవి పెట్టుడు పండ్లని ఎవ్వలకు తెల్వదు."

నిజమే. పళ్లు పీకించుకున్నప్పటి నుంచి ఇక్కడ కూతురింట్లోనే ఉండి, సెట్టు పెట్టుకున్నాకే ఊరికి పోయింది. అది నొప్పి వల్లేననుకున్నాను.

మెత్తటి బ్రష్షు ఇచ్చి, పొడి లేకుండా ఊరికే రుద్దుకోమన్నాను.

"నల్లగ ఉమ్మకుంటె పక్కపొంటి కూసున్నది చూడదా?"

 

సెట్టును పాలిష్‌కు పంపాను. గీతలు పోతాయి, పూత మాత్రం తిరిగి రాదు. రేపు సాయంత్రానికి గానీ ఇవ్వలేనన్నాను. లచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూతురింటికి నడిచింది.

రేపు పొద్దున బోరింగు దగ్గర, లచ్చవ్వ ఏదని అడుగుతారు.