షాఫ్టు లోపలి బిగువు

సచిన్ ఏరియా, సూరత్

అక్కకు తమ్ముడు శ్రీను దండాలు. నువ్వూ పిల్లలూ ఎట్లున్నారు? అత్తమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఇక్కడ నేనూ బావా మంచిగనే ఉన్నాం. ఎండలు మాత్రం మండిపోతున్నాయి. బావ వండే పప్పులో ఉప్పు ఇంకా కుదరలేదు, అయినా తింటున్నాం.

ఫోన్లో చెప్పలేకపోయాను, బావ పక్కనే ఉంటాడు. గండం గడిచింది కాబట్టి రాస్తున్నాను. పాండేసర బట్టల మిల్లులో బావ నడిపే రంగుల మిషనుకు ఇరుసులా తిరిగే షాఫ్టు పోయిన నెల విరిగింది. ఆయన చాయ్‌కి వెళ్లి ఉన్నాడు కాబట్టి బతికిపోయాడు. కొత్తది వచ్చేదాకా ఆగలేనని మిల్లు శేఠ్ దాన్ని మా వెల్డింగ్ వర్క్‌షాపుకే పంపాడు. అతికింది నేనే. తర్వాత వేడిచేసి మెల్లగా చల్లార్చాం. బయటికి నున్నగా ఉంది. కానీ వెల్డింగ్ చేసిన ఇనుము లోపల బిగువు ఉండిపోతుంది, కంటికి కనబడదు. అది ఎక్కువుంటే తిరుగుతూ తిరుగుతూ మళ్లీ అక్కడే విరుగుతుంది. దాని పక్కన నిలబడేది బావే. నాకు అన్నం సహించలేదక్కా.

నువ్వు పంపిన ఎల్లమ్మ తల్లి బొమ్మకు అడుగున అయస్కాంతం ఉంది కదా, దాన్ని సరిగ్గా అతుకు మీద అంటించి, కుంకుమ పెట్టి మొక్కుకున్నాను. లోపలి బిగువు చెకింగ్ చేసే రోజు పొద్దున తీసి జేబులో వేసుకున్నాను.

చెకింగ్‌కు వచ్చిన అమ్మాయి మన తెలుగువాళ్ల పిల్లే, ఇక్కడే ఉధ్నాలో పుట్టి పెరిగింది. కొయ్యకుండా, గీయకుండా, పెన్నంత కడ్డీని షాఫ్టుకు ఆనించి లోపలికి అయస్కాంత శక్తి పంపుతుంది. ఇనుము దానికి ఎట్లా కదులుతుందో చూసి బిగువు చెబుతుంది. అంతా బాగానే వచ్చి, అతుకు దగ్గర తెరమీద గీత ఎగిరిపడింది. అంటే అక్కడ బిగువు ఎక్కువున్నట్టు.

ఆమె కుంకుమ మచ్చ చూసి, "అన్నా, ఈడ ఏమన్న అంటించినవా?" అంది.

"ఎల్లమ్మ తల్లిని."

"కింద చుంబక్ ఉన్నదా?"

అయస్కాంతం ఉందన్నాను.

"గందుకే ఇనుముకు చుంబక్ ఎక్కింది. అది దించి మళ్ల చూద్దం. తల్లిని జర దూరం కూసోబెట్టు."

ఏదో తీగచుట్ట పైనుంచి తిప్పి మళ్లీ కొలిచింది. గీత నిలకడగా వచ్చింది. "బిగువు తక్కువనే ఉన్నది అన్నా, ఎక్కించుకోవచ్చు" అంది. అందరి ముందే ఏడ్చేశాను, సిగ్గు కూడా అనిపించలేదు.

ఇవాళ షాఫ్టు ఎక్కించారు. మిషను తిరుగుతుంటే పక్కన నిలబడి చూశాను. "ఏంది బామ్మర్ది, పని లేదా నీకు?" అని బావ తరిమాడు.

ఎవరన్నా వస్తుంటే కారప్పొడి పంపు. అత్తమ్మకు దండాలు చెప్పి, ఆమె దీవెన మా ఇద్దరికీ అడుగు. నువ్వు ఫోన్ చేసినప్పుడు బావ ఎత్తకపోతే భయపడకు. మిషను చప్పుడులో వినబడి ఉండదు. నేనూ ఇప్పుడు భయపడకుండా అంతే అనుకుంటున్నాను.

నీ తమ్ముడు
శ్రీను