తిథి తెలియని తమ్ముడికి

చిన్నా,

పెరూ కొండల్లో నువ్వు కనిపించకుండా పోయి ఏడాదైంది. అక్కడ నీతో బ్యాక్‌ప్యాక్ వేసుకుని తిరిగిన కావ్య ఇవాళ అమెరికాలో, ఫ్రిస్కోలోని మనింటికి వచ్చింది.

"అక్కా, హాస్టల్ కిచెన్‌లో మీ కారప్పొడి అన్నంలో కలిపి అందరికీ పెట్టేవాడు. ఫ్రెంచ్ వాళ్లు కళ్లు తుడుచుకుంటూనే మళ్లీ అడిగేవాళ్లు" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

తను ఉండగానే పురోహితుడుగారు ఫోన్ చేశారు. "దేహం దొరకలేదు కదమ్మా, దర్భలతో బొమ్మ చేసి దహనం చేద్దాం. పోయిన తిథి తెలుసా?"

కావ్య వైపు చూశాను.

"ఒక్కడే ట్రెక్‌కి వెళ్లిన డేట్ తెలుసక్కా. ఆ తర్వాత ఎన్నాళ్లు ఉన్నాడో..."

"తెలియదండీ" అన్నాను.

"అయితే అమావాస్యకి పెడదాం."

సరేనన్నాను.

రోజూ నిన్ను క్షేమంగా తీసుకురమ్మని వేడుకునేదాన్ని. సాయంత్రం దీపం వెలిగించి చేతులు జోడించాను. దేవుణ్ణి ఏమడగాలో తెలియలేదు.

పెద్దక్క