పైన కొలతల పని రాసిన కాగితం

అమ్మడూ,

మూడింటికల్లా బీరువాల ఫ్యాక్టరీకి వెళ్లు. ఫోన్ ఇంట్లో వదిలేసి బజారుకెళ్లావు, మోగితే నేనే ఎత్తాను. మేనేజరమ్మ నిన్ను రమ్మంది! బయోడేటా తెమ్మంది. ఈసారి రెండు రకాలుగా రాశావుగా, కంప్యూటర్ చదువు పైన ఉన్నది బ్యాంకు కోసం రాసింది, అది వద్దు. తాత వడ్రంగం పనిలో ఆరేళ్లు కొలతలు రాశానని పైన పెట్టావే, అది పట్టుకెళ్లు. ఆ ముక్క చూసే పిలిచిందట. "టేపు పట్టడం వచ్చా?" అంది. "నాకన్నా బాగా వచ్చు" అన్నాను.

ఇదివరకు పదిచోట్లకీ ఒకటే కాగితం పంపావు. అందులో నా పని ఊసే లేదు. చెప్పలేదు గానీ మనసు చివుక్కుమంది.

నేను కిటికీలు బిగించడానికి పోతున్నాను.

తాత

రేపటినుంచి తాతకి కొలతలు ఎవరు రాస్తారని ఆగిపోకు. నేనే రాసుకుంటాను. బయల్దేరు.