హాసిని రాసిన పల్లీ పాట

నేపర్‌విల్, అమెరికా

అక్కకు,

నీ చెల్లి సుజాత నమస్కారాలు. నువ్వూ బావగారూ పిల్లలూ ఎలా ఉన్నారు? మీ అత్తగారి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం, కంగారు పడకు. మంచు కరిగింది గానీ చలి వదల్లేదు. ఆఫీసులో నా ప్రాజెక్టు ఈ ఏడాదికి ఉంటుందన్నారు. ఇండియా వస్తున్న స్నేహితురాలి చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఈ సంగతి ఫోన్‌లో చెబితే నువ్వు నవ్వేస్తావు, నేను ఏడ్చేస్తాను.

మా హాసినికి వేరుశనగ పడదన్నప్పుడు నువ్వేమన్నావో గుర్తుందా? "చెనిక్కాయలు పండించే ఇంట్లో బిడ్డకు చెనిక్కాయలు పడవంటే ఎవురు నమ్ముతారే!" అన్నావు. ముందు నేనూ నమ్మలేదు. చలికాలంలో ఒక పుట్టినరోజు పార్టీలో చిన్న చిక్కీ ముక్క కొరికింది, అంతే. పెదాలు వాచి, ఊపిరి అందక, నా చెయ్యి పట్టుకుని అది చూసిన చూపు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. అంబులెన్స్ వాళ్ళు తొడకు ఇంజెక్షన్ పొడిచాక గానీ తేరుకోలేదు. ఇప్పుడా ఇంజెక్షన్ బ్యాగులో లేనిదే గడప దాటను. ఆఫీసులో ఫోన్ మోగితే స్కూలు నుంచేమోనని మీటింగ్ మధ్యలోనే లేచిపోతాను.

ఆదివారం తెలుగు క్లాసు చెప్పే వసంత టీచర్, అమెరికా ఖండాల్లో పుట్టిన తిండి మీద తలా ఒక పాట రాయమన్నారు పిల్లల్ని. మిరపకాయ, టమాటా, మొక్కజొన్న, జామ అన్నీ ఈ వైపువేనట. మిరపకాయ మనది కాదంటే బావగారు ఒప్పుకుంటారా! మన పిల్ల అన్నీ వదిలేసి వేరుశనగను ఎంచుకుంది. నాకు ఒళ్ళు మండింది. వేరే ఏదీ దొరకలేదా అని అరిచాను.

"ఎవరూ పిక్ చేయలేదమ్మా, పాపం. అది కూడా నాలాగే ఇక్కడే బార్న్ కదా," అంది.

టీచర్‌ది హైదరాబాద్ కాబట్టి పాటలో పల్లీ అయింది. నీకోసం రాస్తున్నాను:

పల్లీ పల్లీ చిట్టి పల్లీ
మట్టి కింద దాక్కున్న పల్లీ
అందరి నోట్లో కరకర పల్లీ
నా నోట్లోకి రావద్దు పల్లీ
నువ్వు మంచిదానివే పల్లీ
దూరం నుంచే టాటా పల్లీ!

పోయిన ఆదివారం క్లాసులో అది పాడితే అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత భోజనాలు. వేరుశనగ వాడొద్దని టీచర్ ముందే మెసేజ్ పెట్టారు గానీ, మిరపకాయ పాట పాడిన బాబు వాళ్ళమ్మ చూసుకోలేదు. పల్లీలు వేసి చిత్రాన్నం చేసుకొచ్చింది. నేను ప్లేట్లు తేవడానికి అటు వెళ్ళి తిరిగి చూసేసరికి ఆవిడ హాసిని ముందు కూర్చుని ముద్ద కలుపుతోంది. "నీ పాట విన్నాను కదా బంగారూ, పల్లీలన్నీ ఏరేశాను. ఒక్క ముద్ద, ఆ అను."

ప్లేట్లు వదిలేసి అటు పరిగెత్తాను. పెద్దవాళ్ళు చేత్తో పెడితే కాదనకూడదని మనింట్లో అందరం నేర్చుకున్నదే, అదీ నేర్చుకుంది. ఆవిడ చెయ్యి దగ్గరకొచ్చింది. హాసిని రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, వేళ్ళ సందుల్లోంచి "దూరం నుంచే టాటా!" అని అరిచింది.

ఆవిడ బిత్తరపోయింది. వెంటనే గిన్నె తీసుకెళ్ళి కార్లో పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి నాకంటే ఎక్కువ ఏడ్చింది. పాపకేం కాలేదు, కంగారు పడకు.

అక్కా, జూన్‌లో మీ ఊరు వద్దామనుకుంటున్నాం. అప్పుడు మీ ఇంట్లో విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తుంటారు. వసారా అంతా పొట్టే, వంటంతా ఆ నూనే. తీసుకురావాలంటే భయం, తేకపోతే అది పెద్దమ్మను ఎప్పుడు చూస్తుందని బెంగ. ఏరేసి పెడితే ఏం కాదులే అని మాత్రం అనకు. మాకొక గది కడిగించు, మేమున్నన్నాళ్ళూ ఒలిచే పని కల్లంలో పెట్టించు, కొత్త మూకుడూ వేరే నూనే కొను. ఆ పాట మీ అత్తగారికి చదివి వినిపించు. సరేనని నువ్వు ఒక్క మాట చెబితేనే టికెట్లు బుక్ చేస్తాను.

బావగారికీ, మీ అత్తగారికీ నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. మేం దిగగానే హాసిని నెత్తిన చెయ్యి పెట్టి దీవించు.

ముందు సబ్బుతో కడుక్కో అక్కా.

నీ చెల్లి
సుజాత