బాపు కొవ్వు మాత్ర

అవ్వకు వందనాలు. ఫోన్లో నీకు సరిగా వినబడదని రాస్తున్నాను. బాపుకు తలలో రక్తం కారడం ఆగింది, మాట తిరిగొచ్చింది. భయమంతా గుండెకు స్టెంటు వేసినప్పటి నుంచి మింగుతున్న, రక్తంలో కొవ్వు తగ్గించే మాత్ర గురించే. "ఆపితే గుండెకు ముప్పు. వేసుకుంటే తలల మళ్లా రక్తం కారొచ్చని కొన్ని పరిశోధనలు, అట్లేం లేదని కొన్ని. పక్కాగ ఎవ్వలూ చెప్పలేరు. మీరు గూడ జర ఆలోచించుండ్రి" అన్నాడు డాక్టరు. బాపేమో "మీ అవ్వనడుగు" అంటున్నాడు. నా పెళ్లికి చేసినట్టు పెట్టెలోంచి చూడకుండా ఒక బైబిలు వాగ్దాన కార్డు తీసి, వచ్చిన వాక్యంతో దీన్ని తేల్చకు. తమ్ముడు నస్పూర్లో ఇంటికి వస్తే బాపు పాత గుండె రిపోర్టులు, కళ్లద్దాలు ఇచ్చి పంపు. కోళ్లకు గింజలు వేస్తున్నావా? నీ బీపీ మాత్ర మానకు. ప్రభువు నీకు తోడుండు గాక. కార్డు ఇప్పటికే తీసి ఉంటే, ఏమొచ్చిందో నాకు చెప్పకు. నమ్మేస్తాను.

నీ బిడ్డ మహిమ,
కరీంనగర్ ఆసుపత్రి నుంచి